సమ్మయ్య కాక జేబులో రాయి

2024 వానాకాలం. జనగామ జిల్లా కొడకండ్ల పక్కన మా మేనమామ పొలంలో పాత రాతి బావి ఉంది. ఒక వైపు దిగడానికి మెట్లు, చుట్టూ రాతి కట్టు. ఆ ఏడు కాలువ నీళ్ళు కూడా రావడంతో బావి నిండుగా ఉంది. దాని గట్టు మీద సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, గాలి జాకెట్లు పరచుకుని కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి "ఆక్సిజనా?" అని అడుగుతున్నారు. కాదు, మనం పీల్చే మామూలు గాలినే నొక్కి నింపుతారని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చివరికి అవుననడం మొదలుపెట్టాను.

నేను స్కూబా డైవింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని. పుట్టింది మానుకోట అని పిలిచే మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో, పని చేసేది అండమాన్‌లో. "మానుకోట పిల్లకు సముద్రంల ఏం పనే" అని మా మేనత్త ఇప్పటికీ అంటుంది. వానాకాలంలో సముద్రం పోటు మీద ఉంటుంది, డైవింగ్‌కు వచ్చేవాళ్ళు తగ్గిపోతారు, మాకు సెలవులు. ఆ సెలవుల్లోనే సమ్మయ్య కాక నా దగ్గరికి వచ్చాడు.

కాకది భూపాలపల్లి జిల్లా టేకుమట్ల వైపు. ఆయన గజ ఈతగాడు. వాగులోనో, బావిలోనో, క్వారీ గుంతలోనో ఎవరైనా మునిగిపోతే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ముందు ఫోన్ చేసేది ఆయనకే. ముప్పై ఏళ్ళుగా ఉత్త ఊపిరి బిగబట్టి దిగి, ఎందరినో, ఎక్కువగా ప్రాణం పోయినవాళ్ళనే, వాళ్ళ వాళ్ళకు అప్పగించాడు. అలా ఒక రైస్ మిల్లు యజమాని మేనల్లుణ్ణి కూడా వాగులోంచి తీశాడు. ఆ యజమాని ఆ మేలు మరచిపోలేక, మూతపడిన ఒక డైవింగ్ సెంటర్ సామాను కొని ఈయన చేతిలో పెట్టాడు. దాన్ని ఎట్లా వాడాలో మాత్రం ఎవరికీ తెలియదు. నేను సెలవుల్లో వచ్చానని ఎవరో చెప్తే సామానంతా తీసుకుని వచ్చాడు. అలవాటు లేని ఔపాసన మీసాలు కాల్చిందంటారు; స్కూబా సామానుతో తెలియక ఆడితే కాలేది మీసాలు కాదు, ఊపిరితిత్తులు.

కాక వెంట ఆయన భార్య కొమురమ్మ కూడా వచ్చింది. గట్టు మీద చాప వేసినా కూర్చోలేదు. కొంగు పిడికిట్లో పట్టుకుని బావి అంచున నిలబడే ఉంది. కాక బట్టలు మార్చుకోవడానికి మోటారు కొట్టంలోకి పోగానే నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నువ్వు నేర్పినా నేర్పకున్నా గీయన దిగుడు బంద్ జెయ్యడు. పోయినసారి పైకొచ్చినంక శానసేపు మాట రాలే. యాభై దాటినయి, ఇంక ఎన్నడు ఊపిరి పట్టుకుంట దిగుతడు? గివన్ని సక్కగ నేర్పి పంపు. లేకుంటే ఇగ నీతోని గాదని మొఖం మీదనే చెప్పు. నువ్వు చెప్తే ఇంటడు."

పర్యాటకులకు నేర్పేటప్పుడు ఎవరైనా సరిగా చేయకపోతే డబ్బులు వాపసు ఇచ్చి పంపేస్తాం, వాళ్ళు పోయి కొబ్బరి నీళ్ళు తాగుతారు. ఈయనకు కాదని చెప్తే పోయి ఊపిరి బిగబట్టి మళ్ళీ దిగుతాడు. కొమురమ్మ మాటలు విన్నాక నా పని ఉన్నట్టుండి బరువైంది.

మా విద్యలో రెండు మాటలు ముఖ్యం. ఒకటి బాయన్సీ, అంటే నీళ్ళలో మునగకుండా తేలకుండా అనుకున్న లోతులో నిలవడం. రెండోది ట్రిమ్, అంటే అలా నిలిచినప్పుడు తల, నడుము, కాళ్ళు బల్లపరుపుగా ఉండడం. ఈ రెండూ నేను తండాలోనే నేర్చుకున్నాను, పేర్లే తెలియవు. ఈత నేర్పేటప్పుడు మా బాపు నా వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టేవాడు. ఒకసారి మా అన్న అదే డబ్బాను నా కాళ్ళకు దగ్గరగా కట్టి నవ్వుతూ తోశాడు. కాళ్ళు పైకి, తల కిందికి అయి అర బావి నీళ్ళు తాగాను. డబ్బా అదే, కట్టే చోటు మారింది.

కాక తెచ్చిన సామాను నాకూ కొత్తే. సముద్రంలో మేం వాడేవి అల్యూమినియం సిలిండర్లు. గాలి అయిపోయేకొద్దీ అవి తేలిక అవుతాయి కాబట్టి నడుముకు సీసం బిళ్ళలు ఎక్కువ కట్టుకుంటాం. ఇవేమో ఉక్కు సిలిండర్లు, వాటి బరువు వాటికే ఉంది. పైగా ఉప్పు నీళ్ళు లేపినంతగా మంచి నీళ్ళు మనిషిని లేపవు. కాబట్టి నా పాత లెక్కలన్నీ పక్కన పెట్టి, ముందు నేను ఒక్కదాన్నే దిగి చూసుకున్నాను. తర్వాత కాకకు వెయిట్ చెక్ చేశాను. జాకెట్‌లో గాలి మొత్తం వదిలేసి, మామూలుగా ఊపిరి తీసుకుని కదలకుండా నిలువుగా ఉంటే నీళ్ళు కళ్ళ దాకా రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఆయనకు బెల్టులో ఒక్క సీసం బిళ్ళ సరిపోయింది.

ఆ ఒక్క బిళ్ళ చూసి కాక మొహం మాడ్చుకున్నాడు.

"గింతనా? ఇంకో మూడు గుచ్చు బిడ్డా."

"వద్దు కాకా. ఎక్కువైతే పరేషాన్ అయితవ్."

"గాలి నింపిన కోటు ఏసుకొని కిందికెట్ల పోత? తేలెతందుకు ఏస్తరు గిసొంటియి."

ఆ గాలి మన చేతిలోనే ఉంటుంది, ఒక మీట నొక్కితే నిండుతుంది, ఇంకోటి నొక్కితే పోతుంది అని చూపించాను. తల ఊపాడు. ముఖ్యమైన సూత్రం కూడా చెప్పాను: కింద ఎప్పుడూ ఊపిరి ఆపకూడదు. లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది, అది బయటికి పోకపోతే ఊపిరితిత్తి చిరుగుతుంది. ముప్పై ఏళ్ళు ఊపిరి ఆపడమే విద్యగా బతికిన మనిషికి ఇది చెప్పడమంటే చేపకు నడక నేర్పడమే. అందుకని ఒక ఉపాయం చెప్పాను. "పైకొచ్చేటప్పుడు నోట్లె ఏదన్న రాగం తియ్యి కాకా. రాగం నడుస్తున్నదంటే గాలి బయటికి పోతున్నట్టే." ఆయన నవ్వి, మెట్ల మీద కూర్చుని బతుకమ్మ పాట అందుకున్నాడు. ఆడవాళ్ళ పాట పాడుతున్నావేమని కొమురమ్మ ఆటపట్టించింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక బావిలో దిగాం. పొద్దున కళ్ళ దాకా తేలిన మనిషి ఇప్పుడు గుండులా కిందికి పోయాడు. ఆగడానికి జాకెట్ ఉబ్బేదాకా గాలి నింపుకున్నాడు. నడుము కిందికి లాగేసి, కాళ్ళు వేలాడి, నిలుచున్నట్టే ఉన్నాడు. కాలు ఆడించినప్పుడల్లా అడుగు బురద లేచి ఏమీ కనబడలేదు. మునిగినవాళ్ళను వెతికే మనిషికి ఇది కుదరదు. బురద లేస్తే పక్కనే ఉన్నది కూడా దొరకదు.

పైకి రప్పించి, బరువు తల వైపుకు పోతుందని సిలిండర్‌ను పట్టీలో కొంచెం పైకి జరిపాను. మళ్ళీ దిగాం, మళ్ళీ అదే తంతు. ఇంకా పైకి జరిపాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ ఉక్కు సిలిండర్‌ను, జాకెట్ కుట్టినవాణ్ణి, దాన్ని కొన్న మిల్లు యజమానిని మనసులో వరసపెట్టి తిట్టుకున్నాను. మూడోసారి కూడా కుదరకపోయేసరికి ఇక చాలు, పైకి పోదామని బొటనవేలు చూపించాను.

కాక సరేనన్నట్టు తల ఊపి, చెయ్యి జాకెట్ జేబులో పెట్టాడు. ఏదో నల్లగా నా కళ్ళ ముందు నుంచి కిందికి జారిపోయింది. మరుక్షణం ఆయన పైకి లేచిపోయాడు. అంత భయం నాకు సముద్రంలో కూడా ఎన్నడూ కలగలేదు. ఎగిరి ఆయన కాలికి తొడిగిన ఈత రెక్క పట్టుకుని, నా జాకెట్‌లో గాలి వదిలేసి బరువుగా వేలాడాను. ఇంకో చేత్తో ఆయన జాకెట్ గాలి మీట లాగాను. వేగం తగ్గింది. ఆ హడావిడిలోనూ నాకు ఒక చప్పుడు వినిపించింది. గొట్టం కరుచుకున్న నోటితోనే ఆయన రాగం తీస్తున్నాడు. బుడగలు నా మొహం మీదుగా పోతున్నాయి. ఆ రాగానికి నేను ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను.

మెట్ల మీదికి చేర్చాక చూస్తే ముక్కులోంచి కొంచెం రక్తం. కొమురమ్మ కొంగుతో తుడిచింది.

"ఏం పడేసినవ్ కాకా?"

"రాయి."

"ఏం రాయి?"

"నాదే బిడ్డా. మానేరు వాగు రాయి." తల దించుకున్నాడు. "అన్నం తిన్నంక జేబుల ఏసుకున్న. రాయి పట్టుకుంటె కిందికి పోవుడు, ఇడిస్తె పైకొచ్చుడు. పుట్టినకాంచి నాకు తెల్సింది గంతే. నువ్వు పైకి అనంగనే చెయ్యి దానంతట అదే ఇడిచింది."

నాకు కోపం వచ్చింది. కోపంలోనే లెక్క మొత్తం అర్థమైంది. రాయి నడుము పక్కన జేబులో ఉంది కాబట్టే కాళ్ళు కిందికి లాగాయి. ఆ బరువును ఆపడానికే జాకెట్‌లో అంత గాలి నింపాడు. రాయి పోయింది, గాలి ఉండిపోయింది. సిలిండర్ పాపం ఏమీ చేయలేదు. అదే ఆయనకు చెప్పాను.

ఆయన నీళ్ళ వైపు తిరిగాడు. "అంటె ఇంతసేపు రాయిని గాలి మోసింది. రాయి పోయినంక నన్నే ఎత్తుకపోయింది. గంతేనా?"

"గంతే కాకా." ఇంత సూటిగా నేను ఏ విద్యార్థికీ చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రమే జనగామలో ఒక దవాఖానకు తీసుకుపోయి ఛాతీ ఎక్స్‌రే తీయించాం. డాక్టరు ఊపిరితిత్తులు బాగున్నాయన్నాడు, కొన్నాళ్ళు నీళ్ళ జోలికి పోవద్దన్నాడు. బయట బెంచీ మీద కొమురమ్మ నన్ను అడిగింది, "ఇగ గాదని చెప్తవా బిడ్డా?" చెప్పడమే మంచిదేమోనని నాకూ అనిపించింది. కానీ ఆయన తప్పు నిర్లక్ష్యంతో చేసింది కాదు. ముప్పై ఏళ్ళు తనను ప్రాణాలతో పైకి తెచ్చిన పద్ధతిని ఒక్క పూటలో విడిచిపెట్టమన్నాను, చెయ్యి వినలేదు. "ఇంకొక్కసారి చూస్త అవ్వా" అన్నాను.

డాక్టరు సరేనన్నాక మళ్ళీ బావికి వచ్చాం. ఈసారి జేబులు తడిమి చూశాను. సిలిండర్‌ను మొదటి చోటికే దించాను. సీసం బిళ్ళను బెల్టులోంచి తీసి, సిలిండర్ పై పట్టీకి, మెడ దగ్గరగా గుచ్చాను. నడుము తేలికైంది, చెయ్యి వెతుక్కోవడానికి అక్కడ ఏ బరువూ లేదు. "కాకా, నీ రాయి అడుగున ఉన్నది. బురద లేవకుంట తెచ్చుకో" అన్నాను.

నేను పైనుంచి చూస్తూ ఉన్నాను. ఆయన అడుగుకు మూరెడు పైన ఆగి, బోర్లా చాప పరిచినట్టు పడుకున్నాడు. ఊపిరి తీస్తే కొంచెం లేస్తున్నాడు, వదిలితే కొంచెం దిగుతున్నాడు. ఊపిరి సంగతి అంత తెలిసిన మనిషికి ఇది కొత్త విద్యేమీ కాదు, సొంత ఇంట్లో ఇంకో గది. చేతులతో మెల్లగా తడుముతూ పోయి పోయి రాయి దొరకబుచ్చుకున్నాడు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. నాకు మాస్కు లోపలే కన్నీళ్ళు వచ్చాయి, తుడుచుకునే వీలు లేక అలాగే ఉన్నాను.

ఆ రాయిని పారేయమనలేదు. దానికి తాడు కట్టి, తాడు పై కొసకు నా చిన్నప్పటి దానిలాంటి ఖాళీ నూనె డబ్బా ఒకటి కట్టాను. ముందు రాయి దిగుతుంది, దాని వెంట తాడు పట్టుకుని ఆయన దిగుతాడు. పైకి వచ్చేటప్పుడు అదే తాడు మీద చెయ్యి తర్వాత చెయ్యి వేస్తూ, రాగం తీస్తూ రావాలి. రాయి కిందే ఉండాలి, చివర్లో పైనుంచి లాగుకోవాలి. డైవింగ్‌లో ఇది ఉన్న పద్ధతే. నేను సెలవులు అయిపోయేదాకా ఆయన చేత రోజూ చేయించాను.

ఆ తర్వాత ఎవరికి నేర్పినా, సామాను తొడిగించే ముందు ఒక మాట అడుగుతున్నాను: ఇంతకు ముందు నీళ్ళలో ఎట్లా దిగేవారు, ఎట్లా పైకొచ్చేవారు? కొత్త సామానుకు మనిషిని సర్దే ముందు, ఆ మనిషి పాత సామాను ఏదో తెలియాలి. ఇది నాకు సమ్మయ్య కాక పెట్టిన భిక్ష.

చలికాలం మొదట్లో అండమాన్‌లో ఉండగా కొమురమ్మ ఫోన్ చేసింది. భూపాలపల్లి అవతల క్వారీ గుంతలో ఒక పిల్లగాడు మునిగిపోయాడట. గజ ఈతగాళ్ళు ఎవరూ అడుగు అందుకోలేకపోయారట. కాక తాడు పట్టుకుని దిగాడట.

"దొరికిండు బిడ్డా. తల్లికి అప్పజెప్పినం. ఆమె గీయన చేతులు పట్టుకొని ఇడువలే."

"కాక ఎట్లున్నడు అవ్వా?"

"మంచిగున్నడు. నిమ్మళంగ పైకొచ్చిండు." ఆమే మళ్ళీ అందుకుంది. "ముప్పయ్యేండ్ల సంది ఆయన నీళ్ళల్ల ఉన్నంతసేపు నేను గూడ గట్టు మీద ఊపిరి పట్టుకొనే నిలబడ్డ. గీసారి నీళ్ళ మీద బుడగలు గనవడ్డయి బిడ్డా. ఒకటెనుక ఒకటి వస్తనే ఉన్నయి. గవ్వి జూసుకుంట కూసున్న."