ఒక చుట్ట దూరం

గిద్దలూరు విమానాల మైదానం కావలివాడు తెల్లవారుజామున పోయాడని మొన్న పొద్దున రాచర్ల బండి మనిషి స్టేషన్ కిటికీలోంచి చెప్పాడు. తంతి కొడుతున్న నా చేయి ఆగిపోయింది. మాకు చుట్టరికం లేదు. పెదనాయన అని పిలిచేవాణ్ణి, అంతే.

యుద్ధం రోజుల్లో మార్కాపురం పక్కన ఒకటి, ఇక్కడ ఒకటి మట్టి మైదానాలు చదును చేశారు. రైలుకు రెండు గంటలు పట్టే ఆ దారి విమానానికి ఎంతసేపో దొర చెప్పమంటే, అంతకుముందు గొర్రెలు కాచుకున్న పెదనాయన "ఒక చుట్ట, దొరా" అన్నాడట. అందరూ నవ్వారు గానీ లెక్క తప్పేది కాదు. మార్కాపురంలో విమానం లేచినట్టు తంతి రాగానే నేను స్టేషన్ మెట్లెక్కి తువ్వాలు ఊపేవాణ్ణి. ఆయన చుట్ట ముట్టించేవాడు. అది వేళ్లకు చురుక్కుమనగానే కంపకు నిప్పంటించి, పైన పచ్చి వేపమండలు వేసేవాడు. ఆ పొగే విమానానికి దారి.

"ముందే ముట్టిస్తే పొగ మిగలదు. ఆలస్యమైతే విమానమోడు కొండల్లోకి పోతాడు," అనేవాడు.

ఒక వానాకాలం వాగు పొంగి పట్టాలు తెగాయి. రాచర్లలో కలరా. మా అక్క ఇద్దరు పిల్లలతో అక్కడే ఉంది. టీకా మందు విమానంలో తప్ప వచ్చే దారి లేదు. ఆ రోజు తువ్వాలు ఊపి, ఆగలేక నేనూ మైదానానికి పరుగెత్తాను.

చుట్ట అయిపోయింది. పొగ లేచింది. విమానం రాలేదు. మండలన్నీ కాలి నిప్పులే మిగిలాయి.

"ఏందిది పెదనాయనా?"

ఆయన చుట్ట పీక వంక చూశాడు. "పడమటి గాలిరా అబ్బయ్యా. వాడికి ఎదురొచ్చి ఆపింది, నా చుట్టనేమో తొందరగా కాల్చింది. నేను కనుక్కోకపోతిని."

అప్పుడు మబ్బుల్లో మోత వినబడింది. నల్లమల వైపు పోతోంది. వేయడానికి ఇంక ఆకు లేదు, పుల్ల లేదు. ఆయన భుజం మీది గొంగడి తీసి నిప్పుల మీద పరిచాడు. కమురు కంపుతో నల్లటి పొగ లేచింది. మోత వెనక్కి తిరిగింది.

సాయంత్రానికి మందు రాచర్ల చేరింది. కలరా మా అక్క గడప తొక్కలేదు.

ఆ చలికాలమంతా ఆయన గోనెపట్టా కప్పుకుని తిరిగాడు. అక్క కొత్త గొంగడి నేయించి ఇచ్చింది. అది కప్పుకోగా నేనెన్నడూ చూడలేదు. ఎక్కడ పెట్టావని కోప్పడితే "ఉందిలేరా" అనేవాడు. చుట్టతో దూరం చెప్పడమూ మానేశాడు. ఎవరైనా అడిగితే "గాలినడుగు పో" అనేవాడు.

యుద్ధం ముగిసి, విమానాలు రావడం మానేసి చాలా రోజులైంది. నిన్న ఆయన్ను మట్టిలో పెట్టి వస్తూ మైదానం వైపు నడిచాను. మోకాలెత్తు గడ్డి. కావలి గుడిసెలో మాత్రం ఎండు కంప చక్కగా పేర్చి ఉంది. పక్కన వేపమండలు, ఆకు ఇంకా వాడిపోలేదు. వాటి మీద, మడత విప్పని మా అక్క గొంగడి.