కదిలే గోడకు పుట్టీ

వాన అప్పుడే వెలిసింది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి, ఒక చేత్తో మరమరాల గిన్నె పట్టుకుని, రెండో చేత్తో పెరట్లో ఉన్న మా బండి తలుపు రేకును పట్టుకున్నాను. అరచేతిలోకి చీమలు పాకినట్టు జివ్వుమంది. చెయ్యి లాగేసుకున్నాను. భ్రమేమోనని వేలి కొసతో మళ్లీ తాకాను. మళ్లీ జివ్వుమంది.

లోపల పిల్లలిద్దరూ పరుపు మీద గెంతుతున్నారు. వాళ్లకేమీ తెలియడం లేదు. మరమరాలు చూడగానే మా అమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చేసింది, కమ్మీ పట్టుకుని కిందికి దూకబోతూ.

"దిగొద్దు! అక్కడే ఉండండి! ఏదీ పట్టుకోవద్దు!"

నేను కాలేజీలో ఫిజిక్సు చదివింది ఆ నిమిషం కోసమేనేమో. బండి రబ్బరు చక్రాల మీద ఉంది కాబట్టి లోపలున్నంతసేపూ పిల్లలకు ఏమీ కాదు. చెయ్యి బండి మీద ఉండగా కాలు తడి నేలను తాకిందా, అంతే. గిన్నె అక్కడే పారేసి వంటింట్లోకి పరుగెత్తి, బండికి వెళ్లే తీగ ప్లగ్గు పీకేశాను. వెనక్కి వచ్చి ఇద్దర్నీ చెరో చంకలో వేసుకుని దింపేశాను.

వరండాలో బియ్యం ఏరుతున్న మా అత్తగారు చేట పక్కన పెట్టారు.

"ఏటయింది? ఆ గావుకేకలేటి?"

"కరెంటు, అత్తా."

"కరెంటు పోతే అంతలాగ అరవాలా? రోజూ పోతాది గదా!"

"పోలేదత్తా. బండంతా వచ్చేసింది."

ఆ బండి కథ చెప్పాలి. మా రైల్వే కాలనీ నుంచి సాలువా ఊరికి వెళ్లే దారిలో కొన్నాళ్లు సర్వే వాళ్లు మకాం వేశారు. వెళ్లిపోతూ ఒక పాత బండిని వేలానికి పెట్టారు. కారు వెనక కట్టి లాక్కుపోయే ఇల్లు లాంటిది. దాని విశేషం ఏమిటంటే ఒక పక్క గోడను పట్టుకు లాగితే బల్ల సొరుగులా బయటికొస్తుంది, గది అంత మేరా పెరుగుతుంది. మావారు దీఘా సముద్రం ఒడ్డున అందులో మకాం వెయ్యొచ్చని కలగని వేలం పాడేశారు. లాక్కుపోవడానికి మాకున్నది సైకిలు మాత్రమే. బండి మా రైల్వే క్వార్టరు వెనక పెరట్లోకి చేరి, మళ్లీ కదల్లేదు. కాలనీలో దానికి సొరుగు బండి అని పేరు పడింది. ఒకటే గది ఉన్న క్వార్టర్లో అత్తగారి మంచం పోగా పిల్లలకు పడక చోటే లేదు గనక, ఆ సొరుగులో పరుపు వేసి, ఒక బల్బూ ఒక టేబుల్ ఫ్యానూ పెట్టి, అదే వాళ్ల గది అన్నాం. వాళ్ల ఆనందం చూడాలి!

సొరుగు జారే చోట చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది, వాన లోపలికి రాకుండా. అది ఎండకి ఎండి పగిలిపోయింది. తొలకరికే కారడం మొదలైంది. మావారు రైలు పెట్టెలు బాగుచేసే షాపులో పని చేస్తారు. "పెట్టెలకి రోజూ సేసే పనే గదా" అని, దగ్గర్లోని నిమ్‌పురాలో ఉండే స్నేహితుణ్ణి కూడా తీసుకొచ్చి, బజార్లో డబ్బాడు పుట్టీ కొని, సొరుగు చుట్టూ నాలుగు వైపులా దట్టించేశారు. పైన రంగు వేశారు. తర్వాత, పెట్టెలకు షాపులో చేసినట్టే, గొట్టంతో నీళ్లు కొట్టి వాటర్ టెస్టు చేశారు. చుక్క రాలేదు. అందరం టీ తాగాం. జారాల్సిన గోడను కదలకుండా అతికేశామని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ స్నేహితులిద్దరూ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూసిన పెట్టెలన్నీ ఊళ్లు తిరిగేవే గానీ, వాటి గోడలు మాత్రం ఎటూ జరగవు.

సాయంత్రం షాపు సైరన్ మోగాక ఆయనా స్నేహితుడూ కలిసే వచ్చారు. పరుపు ఎత్తి చూస్తే కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. తీగ అతుకు ఆ నీళ్లలోనే మునిగి ఉంది.

"టెస్టు సేసినాం గదా, ఎలాగొచ్చినాయి?" అన్నారు ఆయన, మనసు నొచ్చుకుని.

బట్టలకు పెట్టే నీలిమందు చెంబెడు నీళ్లలో కలిపి, పెరటి స్టూలెక్కి సొరుగు పైన పోశాను. ఆయన లోపల టార్చి పట్టుకుని కూర్చున్నారు.

"వస్తంది! పై మూలకాడ! నీలంగా, సన్నగా దిగతంది!"

పుట్టీ ఎండకి బిగిసి, మూల దగ్గర వెంట్రుక వాసి చీలింది. అక్కణ్ణుంచి దిగిన నీళ్లు బయటికి పోదామంటే కిందంతా పుట్టీయే. సొరుగు కాస్తా తొట్టయింది.

"ఇంకో పూత పూసేస్తే సరి, వదినా," అన్నాడు స్నేహితుడు.

"ఇంకో పూత పూస్తే తొట్టి ఇంకా గట్టిపడుతుంది," అన్నాను. "గీకేసి సొరుగు లోపలికి తోసెయ్యండి."

"తోసేస్తే పిల్లలు ఎక్కడ పడుకుంటారే? గదే పోతాది," అన్నారు మావారు.

"గది పోతే పోయింది."

అది అనడానికి నాకెంత కష్టమైందో నాకే తెలుసు. అదొక్కటే మా ఇంట్లో పిల్లలది అని చెప్పుకోదగ్గ చోటు. ఆయన వెళ్లి ఉలి తెచ్చుకున్నారు.

కిరసనాయిలు రాస్తూ, గీకుతూ, చెయ్యి గీరుకుపోతే తిట్టుకుంటూ, ఇద్దరూ ఒక్కో అంచూ వదిలించారు. మేం అన్నయ్య అన్నట్టు దాదా అని పిలిచే పక్క క్వార్టరు బెంగాలీ అతను గోడ మీంచి చూసి, "ఏం, దీఘా ప్రయాణమా?" అని నవ్వి, తనూ వచ్చి భుజం వేశాడు. అత్తగారు వరండాలోంచే అజమాయిషీ.

"ముగ్గురు మగోళ్లు! ఒక్క గోడని నెట్టలేకపోతన్నారు! మీరేనా రైలుపెట్టెలు బాగుసేసేది?"

"నువ్వొచ్చి తొయ్యే అమ్మా!"

"నానొస్తే అటేపు గోడ కూడా ఊడిపోద్దిరా!"

ఆ నవ్వుల్లోనే సొరుగు కిర్రుమని కదిలి, ఠపీమని లోపలికి పోయింది. చీకటి పడకముందే బల్బూ ఫ్యానూ విప్పించి, తీగ మొత్తం పీకించి చుట్ట చుట్టించాను. ఆ రాత్రి పిల్లలు మా మధ్య నేల మీదే పడుకున్నారు.

పొద్దున్నే ఇద్దరూ మొహం కూడా కడుక్కోకుండా బండి ముందు నిలబడి, ఏడవడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్ల ముందు గొంతుక్కూర్చుని చెప్పాను:

"గది ఎక్కడికీ పోలేదు, లోపలికి వెళ్లి పడుకుందంతే. ఎండ కాసిన రోజు నాన్న బయటికి లాగుతారు. మబ్బు పట్టిన రోజు అందరం కలిసి లోపలికి తోసేద్దాం, మీరిద్దరూ కూడా తొయ్యాలి. బల్బు ఉండదు, ఫ్యాను ఉండదు. రాత్రయితే ఇంట్లోకి వచ్చెయ్యడమే. ఇంకొకటి. నేను 'దిగొద్దు' అని అరిస్తే ఎందుకని అడక్కుండా నిన్నటిలాగే ఆగిపోవాలి. ఎందుకో తర్వాత చెప్తాను, తప్పకుండా చెప్తాను."