సందు చూసుకో

రెండక్షరాల మాట ఒకటి నా పరువు తీసింది. అది తిట్టేమీ కాదు. "సందు." అంతే. ఆ మాట పుణ్యమా అని ఆదోనిలో ఒక సందు సందంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన పెద్దమనిషి ఒకాయన ఇస్త్రీ పంచెతో కారు సీటు మీద పిల్లాడిలా జారాల్సి వచ్చింది. ఆ పెద్దమనిషి మా మామ. జారేలా చేసిన మహానుభావుణ్ణి నేను.

మాది ఎమ్మిగనూరు, నేత కుటుంబం. మా నాన్న నేసిన గుడ్డలో నీళ్లు పోసినా నిలుస్తాయని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. నేను నేసిన గుడ్డలో రాగులు పోసినా నిలవవు. నాన్న నా గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "సందు సూసుకోరా! ఈ సందులో మంత్రాలయం బస్సు పోతాది!" అనేవాడు. సందు చూసుకో అంటే మా ఇంట్లో ఒకటే అర్థం: ఖాళీ వచ్చింది, పోగును గట్టిగా దగ్గరికి కొట్టి పూడ్చు. నాలుగేళ్లు చూసి, ఇక లాభం లేదని నన్ను మగ్గం మీంచి లేపి తువ్వాళ్ల అంగడిలో కూర్చోబెట్టాడు. ఆయన నోటి నుంచి ఒక్క మెచ్చుకోలు మాట వినాలన్న కోరిక మాత్రం అంగడికి కూడా నా వెంటే వచ్చింది.

తర్వాత ఆదోని పిల్ల సుజాతతో పెళ్లయింది. వాళ్ల నాన్న లెక్కల మాస్టారు. ఇంటి పక్కన రేకుల కింద ఆయన పాత అంబాసిడర్ పన్నెండేళ్లుగా తుప్పు పడుతూ నిద్రపోతోంది. కొత్తల్లుణ్ణని మీసం మెలేస్తున్న రోజులు కదా, ఒకనాడు భోజనాల దగ్గర నోరు జారాను.

"మామా, ఆ కారు నేను బాగుచేస్తా."

"నీకు వెల్డింగు వస్తాదా అప్పా?"

"నేర్చుకుంటా."

మామ పప్పు కలుపుకుంటూ కాసేపు లెక్క వేశాడు. "వచ్చే నెల రిటైరైతాండాను. ఆ మర్సటి గురువారం మనమంతా దాంట్లోనే మంత్రాలయం పోదాం. ఆ పొద్దు బండి లేస్తే సరి. లేయకపోతే శుక్రవారం గుజిరీకి ఏసేస్తా. ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

గుజిరీ అంటే పాత ఇనుము కొనేవాడు. సుజాత చిన్నప్పుడు బడికి వెళ్లిన కారది. ఆమె నా వైపు చూసిన చూపులో, కారు పోతే నా సంగతి కూడా తేలుస్తానన్న మాట స్పష్టంగా ఉంది.

అలా నేను ఖాజా అన్న దుకాణంలో చేరాను. ఖాజా అన్న ఆదోనిలో పాత బండ్ల రేకుపని చేస్తాడు. చేతులు నల్లగా, మనసు తెల్లగా ఉండే మనిషి. మొదటి రోజే నల్లద్దం పెట్టుకోకుండా మంటను తేరిపార చూశాను. ఆ రోజంతా కళ్లలో కారం కొట్టినట్టు నీళ్లు. అత్తగారు చూసి, "సుజాతా, అల్లున్ని ఏమన్నా అంటివా?" అని కూతుర్ని నిలదీసింది.

పాత రేకుల మీద పది రోజులు సాధన చేశాను. పలచని రేకు మీద రాడ్డు పెడితే చిల్లు. చిల్లును పూడ్చబోతే పెద్ద చిల్లు. దాన్నీ పూడ్చబోతే రేకే లేదు.

"అరె భాయ్, ఒక కొస నుంచి ఇంగో కొసకు గీసుకుంటా పోతావేంది? ఇది నేత కాదు. ఈడొక టాకా, ఆడొక టాకా. సల్లారనీ. మళ్లా ఇంగోటి," అన్నాడు ఖాజా అన్న. టాకా అంటే కుట్టులాంటి చిన్న చుక్క అతుకు. ఆ టాకాలు మాత్రం ఎలాగో పట్టుబడ్డాయి.

కారు అడుగు రేకు, ఇంజను పని ఆయనే మామ ఇంటికి మెషిన్ తెచ్చి చేశాడు. ఎడమవైపు వెనక తలుపు కింద తుప్పు తిన్న పట్టీ ఒక్కటి నాకు వదిలాడు. సరిగ్గా అప్పుడే ఆయన చెల్లెలి కూతురి పెళ్లి వచ్చింది. బళ్లారికి బయల్దేరుతూ నన్ను కారు పక్కన కూర్చోబెట్టి చెప్పాడు.

"తలుపు తీసిపెట్టి అతికిస్తే బండి కుంగుతాది. మూసిపెట్టుకో. కింద కొత్త రేకు పెట్టి టాకాలు ఏసుకుంటా పో. తలుపు కింద సందు సూసుకో."

"సందా అన్నా?"

"ఆఁ, సందు. శానా ముఖ్యం. మర్సిపోతే కొంప మునుగుతాది."

"అన్నా, మేము నేతోళ్లము. సందు సంగతి మాకు సెప్పల్లా?" అని నవ్వాను.

పాపం, ఆయన కూడా నవ్వాడు.

మరునాడు మెషిన్ ముందు కూర్చున్నాను. కొత్త రేకు పెట్టి, ఈడొకటి ఆడొకటి టాకాలు వేశాను. బ్రహ్మాండంగా పట్టాయి. తర్వాత తల ఎత్తి చూస్తే, తలుపుకీ పట్టీకీ మధ్య బెత్తెడు కాదు గానీ, అగ్గిపుల్ల దూరేంత సందు! ఖాజా అన్న ముఖ్యం అన్నది దీన్నే కదా. నా వెనక నాన్న నిలబడి గుడ్డ ఎత్తి పట్టుకున్నట్టే అనిపించింది.

సుజాత ఉగ్గాని పళ్లెం పట్టుకుని వచ్చి చూసింది. "ఆ పక్క తలుపుకు గూడా ఆ సందు ఉండాది గదా?"

"ఉండాది. అందుకే గదా తుప్పు పట్టింది! వాన నీళ్లు యాడ నుంచి పోయినాయనుకున్యావు? తీరిగ్గా ఆ పక్క కూడా పూడ్సల్ల."

"ఏమో, మీకే తెలియాల," అని పళ్లెం పెట్టి వెళ్లింది. ఇది చదివే అల్లుళ్లకు ఒక మనవి. భార్య "మీకే తెలియాల" అన్నదంటే ఆ పని అక్కడే ఆపి, ముందు ఉగ్గాని తినండి.

నేను ఆపలేదు. రెండు రోజులు కూర్చున్నాను. టాకా పక్కన టాకా, దాని పక్కన ఇంకో టాకా, చల్లారనిచ్చి మళ్లీ టాకా. ఈ కొస నుంచి ఆ కొస దాకా వెంట్రుక దూరే చోటు లేకుండా అతికాను. అరగదీసి, లప్పం పూసి, నల్లరంగు వేశాను. రంగు ఆరేదాకా ఎవరూ ముట్టకూడదని ఇంట్లో అందరికీ ఆజ్ఞ జారీ చేశాను. అందరూ దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. అదే నా ఖర్మ.

గురువారం వచ్చింది. కారుకు పూలదండ, టైర్ల కింద నిమ్మకాయలు. వీధంతా వచ్చి నిలబడింది. మామ తెల్ల పంచె, కండువాతో మెట్లు దిగి, ఎడమవైపు వెనక తలుపు హ్యాండిల్ పట్టుకుని లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. తలుపు రాలేదు గానీ కారు మొత్తం ఆయన వైపు ఊగింది.

"ఏమప్పా, ఇది రాలేదే?"

"కొత్త రంగు కదా మామా, పట్టింటాది," అని నేనూ లాగాను. పక్కింటాయన లాగాడు. ముగ్గురం కలిసి లాగాం. పూలదండ తెగింది. గుజిరీకి వేస్తానన్న మాట నా చెవుల్లో మోగుతుంటే ఖాజా అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, తలుపు రాలే!"

"రాలేదా? సందు సూసుకోలేదా నువ్వు?"

"సూసుకున్యానన్నా! ఒక్క సందు మిగలకుండా పూడ్సినాను!"

అవతల పెళ్లి సన్నాయి మాత్రమే వినిపించింది. తర్వాత, "పూడ్సినావా? సందు పోకుండా సూసుకోమంటే, సందే లేకుండా సేసినావా? యా అల్లా!" అని ఆయన నవ్వు మొదలైంది. ఫోన్ స్పీకర్‌లో ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. వీధి అందుకుంది. సుజాత కొంగు నోట్లో కుక్కుకుంది.

మామ మాత్రం నవ్వలేదు. నేను తల దించుకుని, "ముందు సీట్లో కూర్సోండి మామా," అన్నాను.

"పన్నెండేండ్ల కిందట యాడ కూర్సుంటినో ఆడనే కూర్సుంటా," అని కారు చుట్టూ తిరిగి, కుడివైపు తలుపులోంచి ఎక్కి, పంచె కూడదీసుకుని ఆ చివర నుంచి ఈ చివరికి జారాడు. తన చోటు చేరాక అద్దం దించి, "బండి లేస్తాదా లేదా సూడు ఫస్టు," అన్నాడు. లేచింది. ఒక్క తిప్పుకే లేచింది.

నాన్నను ఎక్కించుకోవడానికి ఎమ్మిగనూరులో ఆగాం. మామ అద్దంలోంచి తల బయటపెట్టి కథంతా ఆయనకు చెప్పాడు. నాన్న కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. తలుపు కింద నా అతుకు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా బొటనవేలి గోరు నడిపాడు. గోరు ఎక్కడా ఆగలేదు. వెనక్కి తిరిగి మళ్లీ నడిపాడు.

"ఒక్క సందు లేదురా," అన్నాడు.

నాలుగేళ్లు మగ్గం మీద కూర్చుని సంపాదించలేని మాటది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి నల్లద్దం పెట్టుకోనందుకు కాదు.

బళ్లారి నుంచి తిరిగొచ్చిన ఖాజా అన్న కోసే మెషిన్ తెచ్చాడు గానీ మామ ఒప్పుకోలేదు. "మా వియ్యంకుడు పాస్ మార్కులు ఏసినాడు. ఇంగ దాన్ని కోసేదేముంది?" అని టీ ఇచ్చి పంపేశాడు. కారు గుజిరీకి పోలేదు. ఇప్పటికీ ప్రతి పండక్కీ ఇంటిల్లిపాదీ కుడివైపు నుంచే ఎక్కి జారుతుంటారు.

ఆ గురువారమే తుంగభద్రలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఎవరైనా నన్ను ఏ సందునైనా చూసుకోమంటే, ఇక చూసి ఊరుకుంటాను తప్ప, దాని జోలికి పోను. చేయి వేయను, పూడ్చను, రంగు అసలే పూయను. నా మాట మీద అనుమానముంటే ఆ తలుపునడగండి. ఇన్నేళ్లలో అది ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.