దూకుడు కార్డు, మామూలు బోర్డు

ఆ వీధిలో ఆయన్ని అందరూ బొమ్మలాయన అంటారు. కాగితం మీద గీసే బొమ్మలు కావు. ఇంకా కట్టని ఇళ్ళను కంప్యూటర్లో కట్టి, తలుపు తోసుకుని లోపలికి నడిచినట్టు, మెట్లెక్కి పైగది కిటికీలోంచి తొంగిచూసినట్టు చిన్న సినిమాలుగా చేసి ఇస్తాడు. బిల్డర్లు వాటిని కొనేవాళ్ళకు చూపించుకుంటారు. పునాది తవ్వకముందే ఆయన ఇళ్ళలో గోడ మీద గడియారం తిరుగుతూ ఉంటుంది.

ఈ పని ఆయన ఒక ఆఫీసులో నేర్చుకున్నాడు. ఆ ఆఫీసు వదిలింది మాత్రం నోటి వల్ల. ఆయన చేసిన ఇంటిని మేనేజరు తనదని పైవాళ్ళకు చూపించాడు. అలా చూపించుకోవడం మేనేజర్లకు మామూలే, దానికి చదువు కూడా అక్కర్లేదు. బొమ్మలాయన ఊరుకోలేదు. మీటింగు మధ్యలో లేచి, "సార్, ఆ ఇంట్లో బాత్రూం ఎటువైపుందో చెప్పండి చూద్దాం" అన్నాడు. మేనేజరు నీళ్ళు నమిలాడు. అందరూ నవ్వారు. మర్నాడు బొమ్మలాయన కుర్చీ ఖాళీ. నవ్వినవాళ్ళలో ఒక్కడూ ఆ తర్వాత ఫోను చెయ్యలేదు.

అప్పటి నుంచి ఇంట్లోనే పని. ఇల్లంటే ముందు ఒక గది, వెనక ఒక గది, వంటిల్లు. వెనక గదిలో వెలుతురు బాగుంటుందని కిటికీ దగ్గర అత్తగారి కుట్టుమిషను, దాని పక్కనే ఆయన బల్ల. భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమె పొద్దున్నే వెళ్ళిపోతే ఇక పగలంతా అల్లుడూ అత్తా, రెండు మిషన్లూ. అత్తగారు బడిపిల్లల చొక్కాలు కుడుతుంది. ఊళ్ళో సగం మంది పిల్లల భుజాల కొలతలు ఆవిడ నోటికి తెలుసు. ఒంటికి సరిగ్గా పట్టేలా కుట్టడం ఆవిడ గొప్ప. మిక్సీకి, టీవీకి, చివరికి నీళ్ళ ఫిల్టరుకి కూడా ఆ ఇంట్లో సొంత చొక్కా ఉంది.

బొమ్మలాయన కంప్యూటరు పాతది. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, బిల్లులు చూసుకోవడానికి సరిపోయే మామూలు మదర్‌బోర్డు దానిది. దాంతో ఒక వంటింటిని కదిలించాలన్నా అది మూలిగేది. చివరికి, గేములు మానేసి సంసారంలో పడిన ఒక పెద్దమనిషి దగ్గర గ్రాఫిక్స్ కార్డు ఒకటి తీసుకున్నాడు. బొమ్మల భారమంతా మోసేది అదే. పైగా ఇది ఓవర్‌క్లాక్ చేసిన కార్డు, అంటే కంపెనీ పెట్టిన వేగం చాలదని ఇంకా అదిలించి పరుగెత్తించేది.

వీధి చివరి మెకానిక్ వచ్చి కార్డు బిగిస్తూ నవ్వాడు. "ఏంటన్నా ఇది, బక్కప్రాణికి పహిల్వాన్ కోటు తొడిగినట్టుంది!"

"నడుస్తుందా, లేదా?"

"నడవడమా, ఎగురుతుంది. దీనికి కావాల్సిన కరెంటు చాలావరకు ఈ లావు తీగల్లోంచి నేరుగా వస్తుంది. బోర్డు మీద పెద్ద బరువేం పడదు. దుమ్ము మాత్రం పడనివ్వకు. దుమ్ముకీ దీనికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది."

పక్కన అత్తగారు దారం ఎక్కిస్తూ ఆ మాట విన్నది. తన గుడ్డల నుంచి రేగే పీచు కిటికీ ఎండలో తేలుతూ ఉండడం చూసింది. కార్డు బిగించిన పెట్టెను కళ్ళతోనే కొలిచింది.

కార్డు నిజంగానే ఎగిరింది. ఆ ధీమాతోనే బొమ్మలాయన ఒక కాలనీ మొత్తాన్ని సినిమా తీసి ఇస్తానని బిల్డరుకి మాటిచ్చాడు. బిల్డరు మంచివాడే కానీ మొహమాటం లేని మనిషి. "శుక్రవారం సాయంత్రం నేనే మీ ఇంటికొచ్చి చూస్తా. అప్పటికి లేకపోతే ఏమీ అనుకోకండి, మీ పాత ఆఫీసుకే ఇచ్చేస్తా. మీ మేనేజరు రోజూ ఫోను చేస్తున్నాడు."

ఆ మేనేజరు ఇంకో కబురు కూడా పంపాడు. అందరి ముందు ఒక్కసారి తప్పయిందని చెబితే పాత కుర్చీ ఇస్తాడట.

"చెప్పనంటే చెప్పను," అన్నాడు బొమ్మలాయన భార్యతో.

"చెప్పొద్దు. సినిమా పూర్తి చెయ్యండి," అంది ఆవిడ జడ వేసుకుంటూ. "నోరు ఉన్నంత పెద్దగా పని కూడా కనబడాలి కదా."

సినిమా పూర్తి కాలేదు. పొద్దుటి పూట కార్డు బుద్ధిగా పనిచేసేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండరింగు మొదలుపెట్టి, అంటే గీసినవన్నీ సినిమాగా మారే పని దానికి అప్పజెప్పి, ఆయన కొలతల కోసం సైటుకి వెళ్ళేవాడు. తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉండేది. సోమవారం అంతే, మంగళవారం అంతే.

"అది మధ్యాహ్నం పడుకుంటుంది బాబూ, నాలాగే," అంది అత్తగారు. ఆయన ఆ మాట చెవిన వేసుకోలేదు.

"బోర్డే!" అన్నాడు. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. వాళ్ళూ బోర్డే అన్నారు. చవక వస్తువు మీద నింద వెయ్యడానికి ఎవరికీ ఆలోచన అక్కర్లేదు, మనుషుల మీదైనా అంతేగా. బుధవారం సీపీయూని చంటిబిడ్డలా ఎత్తుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ అదే బోర్డు మీద అదే కార్డు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెమట పట్టకుండా పనిచేసింది.

మెకానిక్ చేతులు దులుపుకున్నాడు. "బోర్డుని ఆడిపోసుకోకన్నా. పుట్టింట్లో బాగానే తిరుగుతోంది, అత్తింట్లోనే మూర్ఛపోతోంది. మీ ఇంట్లో దాన్ని ఏం బాధలు పెడుతున్నారో!"

గురువారం మధ్యాహ్నం ఎప్పటిలా రెండరింగు పెట్టి సైటుకి బయల్దేరాడు. సైటు గేటుకి తాళం ఉంది. ఉసూరుమంటూ వెనక్కొచ్చి వెనక గదిలో అడుగుపెట్టాడు.

సీపీయూ కోటు వేసుకుని ఉంది.

లోపల దూది పెట్టి కుట్టిన మందపాటి కోటు. మెడ నుంచి కింది దాకా బటన్లు. ఎక్కడా ఒక ముడత లేదు, ఒక వదులు లేదు. స్విచ్చి దగ్గర మాత్రం గుండ్రంగా కాజా కుట్టి ఉంది, నొక్కుకోవడానికి వీలుగా. ఊపిరి తీసుకోవడానికి ఎక్కడా ఏమీ లేదు. పక్కన అత్తగారు ధీమాగా చొక్కాలు కుడుతోంది, పీచు గదంతా ఎగురుతోంది.

ఆయన కోటు మీద చెయ్యి వేశాడు. ఇస్త్రీపెట్టె మీద వేసినట్టయింది. అదే క్షణంలో తెర నల్లబడింది.

"ఎవరు చెప్పారండీ మీకు దీన్ని ముట్టుకోమని!" అని అరిచాడు. "ప్రతిదానికీ బట్టలు కట్టకపోతే నిద్రపట్టదా మీకు? నా బతుకు తగలబెట్టేశారు కదండీ!"

అత్తగారు కుట్టుమిషను ఆపింది. "దుమ్ము పడకూడదన్నాడు కదా బాబూ మెకానిక్కు. పొద్దున మీ పనికి అడ్డమని, మీరు సైటుకి వెళ్ళాక నేను కుట్టినంతసేపూ కప్పి, లేచేటప్పుడు తీసేస్తున్నా. నూలు గుడ్డే కదా, చలవగా ఉంటుందనుకున్నా." తర్వాత వంగి ఒక్కో బటనూ విప్పడం మొదలుపెట్టింది. వేడికి వేలు వెనక్కి లాక్కుని మళ్ళీ పెట్టింది. ఆ బటన్లు ఎంతకీ అవలేదు. బొమ్మలాయనకు తన నోరు తనకే చేదుగా తోచింది. మేనేజరుని నిలదీసినప్పుడు ఇలా అనిపించలేదు.

శుక్రవారం పొద్దున సీపీయూ పక్కరేకు ఊడదీశాడు. రోజుల తరబడి ఉడికిన కార్డు, రెండరింగు పెట్టిన కాసేపటికే మళ్ళీ తడబడింది. మెకానిక్‌కి ఫోను చేశాడు.

"వేగం తగ్గించన్నా. దాని మామూలు వేగానికి తీసుకురా."

"తగ్గిస్తే ఆలస్యం అవుతుంది కదా తమ్ముడూ."

"ఆలస్యంగా అయినా అవుతుంది. ఇలా అయితే అసలే కాదు. నీకూ దానికీ ఒకటే జబ్బన్నా, ఆగడం రాదు."

ఆయన పళ్ళు కొరుక్కుంటూ వేగం తగ్గించాడు. కార్డు గొంతు కూడా తగ్గింది. పని ఎంతయిందో తెర అడుగున చూపించే గీత మెల్లగా, నత్త పాకినట్టు ముందుకు జరగసాగింది.

అత్తగారు ఆ రోజు మిషను ముందు కూర్చోలేదు. చొక్కాల కోసం వచ్చినావిడతో గుమ్మంలోనే "ఇవాళ మా మిషనుకి సెలవమ్మా" అని చెప్పి పంపేసింది. గదిలో ఒక మూల కూర్చుని, చేతులు ఏం చెయ్యాలో తెలియక పమిట అంచు మడతపెట్టి విప్పుతూ ఉంది. ఆవిడ ఖాళీగా కూర్చోగా ఆయన చూడడం అదే మొదలు.

"ఇలా దగ్గరికొచ్చి చూడండి అత్తయ్యా," అన్నాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆవిడ వచ్చి చూసింది. "ఎవరిదిది?"

"ఎవరిదీ కాదు. ఇంకా కట్టలేదు."

"కట్టని ఇంటికి అన్ని కర్టెన్లా! ఎవరు కుట్టారు?"

"నేనే."

"అదీ సంగతి. అంచులు సమంగా లేవు," అంది. అని, నాలిక కరుచుకుంది. ఆయన నవ్వేశాడు. "నిన్న అరిచాను అత్తయ్యా, తప్పయింది," అన్నాడు. మేనేజరుకి చెప్పనంటే చెప్పనన్న మాటే. ఇక్కడ ఇట్టే నోట్లోంచి వచ్చేసింది.

"అరిచారు సరే," అంది ఆవిడ. "ఆ కోటు కొలత మాత్రం తప్పలేదు కదా?"

"అచ్చుగుద్దినట్టుంది."

బిల్డరు చెప్పులు గుమ్మం ముందు వదులుతుండగా గీత చివరను తాకింది. బిల్డరు కుర్చీ లాక్కుని సినిమా అంతా చూశాడు. రెండోసారి కూడా చూశాడు. బొమ్మలాయన భార్య ఆసుపత్రి నుంచి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"బాగుంది," అన్నాడు బిల్డరు. "పని మీదే. కాకపోతే బయటి గోడల రంగు మార్చాలి. పసుపు వద్దు. రేపటికల్లా మళ్ళీ కావాలి."

అంటే మొత్తం మొదటి నుంచీ మళ్ళీ నడవాలి. పసుపు కావాలన్నది ఈ పెద్దమనిషే. భార్య ఆయన నోటి వంకే చూస్తోంది.

"అలాగేనండీ," అన్నాడు బొమ్మలాయన.

బిల్డరు వెళ్ళాక అత్తగారు నీరసంగా అడిగింది. "అయితే రేపు కూడా నాకు సెలవేనా?"

"మీకెందుకండీ సెలవు? మిషను ముందు గదిలో పెట్టుకుందాం. వెలుతురుకి గుమ్మం పక్కనే."

ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరికీ తట్టలేదు. భార్య నెత్తి కొట్టుకుంది. ఇనప మిషను ఒకవైపు ఆయన పట్టుకున్నాడు, రెండోవైపు భార్య పట్టుకుంది. అత్తగారు ముందు నడుస్తూ దారి చూపించింది. "నిదానం బాబూ, నిదానం. గడప ఉంది. చెయ్యి జాగ్రత్త. అంత తొందరెందుకు, అదేమైనా పారిపోతుందా?"