దిల్‌సుఖ్‌నగర్‌లో విత్‌డ్రా

ఎల్‌బీ నగర్ చౌరస్తాకు మా ట్రక్కులు చేరేసరికి మధ్యాహ్నం రెండు. వాన ఆగలేదు. మెట్రో పిల్లర్ల కింద గుడారం వేశాం. రబ్బరు పడవలు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, వైర్‌లెస్ సెట్లు దించాం. మిలిటరీ డ్యూటీ ఎడారిలో చేశాను, మంచులో చేశాను. సర్వీసు ఆఖరి ఏడాదిలో డ్యూటీ మా ఇంటి ముందుకే వచ్చింది. నేను పుట్టింది నాగోల్‌లో. ఈ రోడ్డు మీద సిటీ బస్సుకు వేలాడి కాలేజీకి పోయినవాణ్ని. అందుకే కెప్టెన్ సాబ్ దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలు నాకు అప్పగించాడు.

"హవల్దార్, దారి తప్పవు కదా?"

"కళ్లు మూసుకుని పోతాను సాబ్" అన్నాను. గొప్పలకు పోయాను. నడుము లోతు నీళ్లలో గల్లీలన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

మోటారు వాడే వీల్లేదు. కింద మునిగిన బైకులు, డివైడర్లు. తెడ్లే గతి. తెడ్డు వేసేది సతారా నుంచి వచ్చిన, నా కింది ర్యాంకు మరాఠీ నాయక్. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు తెగి నీళ్లలో తేలుతున్నాయి. ర్యాంకులొచ్చిన పిల్లలు నవ్వుకుంటూ మా పక్కనుంచే కొట్టుకుపోతున్నారు.

"వీళ్లను కూడా ఎక్కించుకోవాలా సాబ్?" అన్నాడు నాయక్.

నాలుగున్నరకు వైర్‌లెస్ మోగింది. "బోట్ టూ. పై చెరువు పొంగింది. నాలా గోడ నమ్మేలా లేదు. ఆరులోపు విత్‌డ్రా. ఒక్కరినీ వదలొద్దు. ఓవర్."

మా గల్లీలో మిగిలింది ఒక్కటే చోటు. చివర్న, సరిగ్గా ఆ మురుగు నాలా గోడను ఆనుకుని, వినాయక మండపం. అది నవరాత్రుల్లో ఐదో రోజు. చెక్కల వేదిక అంచుదాకా నీళ్లు. దాని మీద నిలువెత్తు మట్టి వినాయకుడు, ఆయన ముందు పూజ చేసే చిన్న మట్టి గణపతి, అఖండ దీపం, ఒక పంతులుగారు, ఎనిమిదిమంది కుర్రాళ్లు. వాళ్లలో పెద్దవాడు శ్రీశైలం. కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు చెబుతాడు.

"తమ్మీ, పడవెక్కుండ్రి. గోడ కూలేటట్టున్నది."

"మేం రాం సార్. గిది మా నాయన పెట్టిన గణపతి. నాయన పోయినంక ఇదే మొదటి ఏడు. దీపం ఇడిసిపెట్టి నేను లేస్తే బస్తీల మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"పైనుంచి ఆర్డరొచ్చింది. విత్‌డ్రా కావాలె."

"ఇన్న సార్. విత్‌డ్రా. రోజూ పిల్లలకు ఆ మాటకు అర్థం నేనే చెప్త. వెనక్కి తగ్గుడు. మీరు తగ్గుండ్రి. మేం తగ్గం."

నాకు తిక్క రేగింది. "లేస్తవా, లేపమంటవా?" అని పరేడ్ గ్రౌండ్ గొంతుతో అరిచాను. ఎనిమిదిమందీ తలో మండపం కర్ర వాటేసుకున్నారు. ఇక లాగితే మండపం, పడవ రెండూ బోల్తా. గోడ సందుల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. నాకు భయం వేసింది. శత్రువు కాల్పులకు కూడా అంత భయపడలేదు. అక్కడ నా మాట వినే జవాన్లుండేవారు.

నేను తెలుగు మీడియం వాణ్ని. విత్‌డ్రా అన్న మాటకు అర్థం ప్రమోషన్ క్లాసులో మా సుబేదార్ సాబ్ దగ్గర నేర్చుకున్నాను. తరిమితే పోయేది విత్‌డ్రా కాదన్నాడు ఆయన. మనం అనుకున్నప్పుడు, మన వరసలో కదలాలి. సగంమంది కదిలితే సగంమంది కాపు కాయాలి. మొహం శత్రువు వైపే ఉండాలి. మళ్లీ వచ్చే దారి గుర్తుండాలి. అర్థమైతే తెలిసింది కానీ దాన్ని ఎదుటివాడికి ఎలా చెప్పాలో మాత్రం నేను దిల్‌సుఖ్‌నగర్‌లోనే నేర్చుకున్నాను.

పంతులుగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. చలికి వణుకుతున్నాడు. ఆయన వైపు తిరిగాను.

"పంతులుగారూ, నిమజ్జనం రోజు స్వామిని పీట మీంచి కదిపేటప్పుడు ఏమంటారు?"

"ఉద్వాసన చెబుతామండీ. 'పునరాగమనాయ చ' అంటాం. మళ్లీ రావడానికే వెళ్లిరా స్వామీ అని."

"అంటే దేవుడు వెనక్కి తగ్గినట్టేనా?"

"అయ్యయ్యో, ఎంత మాటన్నారండీ!"

"ఇన్నవా శ్రీశైలం? దేవునికి లేని షరమ్, సిగ్గు నీకెందుకు? మా ఫౌజుల విత్‌డ్రా అంటే గిదే. ఉరుకుడు కాదు. తీసుకపోయేది తీసుకపోతం. మొఖం ఇటే పెడ్తం. మళ్ల ఒస్తం."

అతను చిన్న గణపతిని చూశాడు. గోడను చూశాడు. "మరి దీపం?"

"నువ్వే పట్టు."

"పెద్దాయన?" అని నిలువెత్తు విగ్రహం వైపు చూశాడు.

"ఆయన కాపలా. ఇక్కడ అందరికంటే ఎత్తున్నోడు ఆయనే గద!"

ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో కర్రలు పట్టుకున్న చేతులు వదులయ్యాయి. పంతులుగారు మంత్రం చెప్పి పీట కదిపాడు. మొదట నలుగురిని మెయిన్ రోడ్డుకు చేర్చాం. మిగతా నలుగురూ, పంతులుగారూ స్వామికి కాపు. రెండో ట్రిప్పులో ఒళ్లో గణపతితో పంతులుగారు, ముగ్గురు కుర్రాళ్లు, ఆఖరున దీపాన్ని లైఫ్ జాకెట్ చాటున పట్టుకుని శ్రీశైలం. అందరూ మండపం వైపే తిరిగి కూర్చున్నారు. గల్లీ మూలకు చేరామో లేదో గోడ కూలింది. వేదిక అగ్గిపెట్టెలా నలిగి నీళ్లలో కలిసింది. దీపం ఆరలేదు.

"గణపతి బప్పా!" అని మా నాయక్ తెడ్డెత్తి అరిచాడు. మెయిన్ రోడ్డు మీది బాల్కనీలన్నీ ఒక్కసారిగా "మోరియా!" అన్నాయి. నేను వైర్‌లెస్‌లో "బోట్ టూ, అందరూ క్షేమం" అని చెబుతుంటే నా గొంతు నాకే వినపడలేదు.

మూడో రోజుకు నీళ్లు తీశాయి. మాట ఇచ్చాను కాబట్టి వాళ్లను నేనే వెనక్కి తీసుకెళ్లాను. పడవ అక్కర్లేదు, తీన్‌మార్ డప్పులతో నడిచే వెళ్లాం. మా జవాన్లంతా వెంట వచ్చారు. మండపం చోట ఇటుకలు, వాటి మధ్య మెత్తటి మట్టి కుప్ప. పెద్దాయన నిమజ్జనం ఆయనే కానిచ్చుకున్నాడు. ఎవరూ ఏడవలేదు. అక్కడే ఒక బల్ల వేసి చిన్న గణపతిని కూర్చోబెట్టారు. పక్కన అదే దీపం పెట్టారు. శ్రీశైలం ఆ కుప్పలోంచి చిటికెడు మట్టి తీసి నా నుదుటికి పెట్టాడు. తర్వాత నాయక్‌కు, తర్వాత ఒక్కొక్కరికీ వరసగా.

"ఇగ పిల్లలకు ఏం చెప్తవు?" అన్నాను.

"మీ అర్థమే చెప్త సార్. పరీక్షల మార్కులు రాకున్నా సరే."

ఆ సాయంత్రమే సికింద్రాబాద్‌కు తిరుగు ప్రయాణం. తర్వాత కొన్నాళ్లకే రిటైరయ్యాను. చాలా ఊళ్ల పేర్లు మరిచిపోయాను. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కదులుతున్న ఆ ట్రక్కు మాత్రం కళ్లముందు నుంచి పోదు. వెనక బెంచీల మీద పంజాబీ, మరాఠీ, తమిళ కుర్రాళ్లు. అందరి నుదుట తడి మట్టి బొట్టు. డ్రైనేజీ నీళ్లలో కరిగిన మట్టి అది. ఎవరూ తుడుచుకోలేదు.