పసుపు రంగుకు నేను చెప్పిన అర్థం

యాంటీబాడీల గురించి ఎవరడిగినా గడగడా చెప్పేస్తాను. నా పరిశోధనే వాటి మీద. ఆ చదువు చదివీ ఆ రోజు ల్యాబ్‌లో నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

యూనివర్సిటీలో ఎమ్మెస్సీ పిల్లలకు నేను చేయించిన మొదటి ప్రాక్టికల్ అది. తిండి, నీళ్ల ద్వారా సోకే కామెర్ల వైరస్ (హెపటైటిస్-ఎ) మీద పరీక్ష. దానికి ఇద్దరి రక్తం కావాలి. ఒకటి నాది. రెండోది మా ల్యాబ్‌లో గాజు సామాను కడిగే అక్కది. గోల్నాక నుంచి వస్తుంది, పదకొండింటికి మా అందరికీ టీ పెడుతుంది. "జర మెల్లగ గుచ్చుండ్రి మేడమ్" అని నవ్వుతూనే చెయ్యి చాపింది.

చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో నా రక్తం వేసిన గుంట రంగు మారలేదు. అక్కది పసుపుగా తిరిగింది. "అయ్యో, అక్కకు కామెర్లు పాజిటివ్!" అని గట్టిగా అనేశాను. ఆమె పక్కనే సింకు దగ్గరుంది.

అర నిమిషానికే నాలుక కరుచుకున్నాను. ఆ పరీక్ష వైరస్‌ని వెతకదు, దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. అక్క ఎప్పుడో, బహుశా చిన్నప్పుడే, ఆ జబ్బు నుంచి బయటపడింది. రక్షణ లేనిది నాకు. ముందు రోజే ఇదంతా బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పాను! ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే పిల్లల ముందు పరువు పోతుందని నోరు మూసుకున్నాను. ఆ రోజు వాళ్లెవరూ టీ ముట్టలేదు. వాళ్లు చూస్తున్నారని నేనూ నా కప్పు సింకులో పారబోశాను. ఛీ, ఏం మనిషిని! అక్క అదీ చూసింది.

మర్నాటి నుంచి ఆమె టీ పెట్టడం మానేసింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఎనిమిది రోజులు గడిపేశాను.

తొమ్మిదో రోజు సాయంత్రం తార్నాక బస్టాపులో తనే వచ్చి, నాకు కొంచెం ఎడంగా నిలబడింది.

"మేడమ్, ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. నా బిడ్డ కాన్పుకొచ్చింది. మనుమరాలికి ఇరవై దినాలు. నా రోగం గా పసిదానికి అంటుతదా? ఆనాటి సంది దాన్ని ముట్టుకుంటలేను."

నేనే ఆ ఎడం దాటి ఆమె పక్కకు వెళ్లాను.

"అక్కా, మీకు ఏ రోగమూ లేదు. ఎప్పుడో కామెర్ల వైరస్ ఒంట్లోకొస్తే, రక్తంలోని తెల్ల కణాలు దాన్ని పట్టి ఆపే యాంటీబాడీలను తయారుచేశాయి. వైరస్ పోయింది, అవి మిగిలాయి. మళ్లీ వస్తే గుర్తుపట్టే కణాలూ మిగిలాయి. ఆ పసుపు రంగుకు అర్థం అదే. తప్పు నాది. నాకు ఆ రోజే తెలుసు."

"ఆనాడే ఎరుకనా మీకు?"

తలూపాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. ఆమె ఫోన్ తీసి కూతురికి చేసింది.

"నాకేం లేదట బిడ్డా, ఏం లేదట! పిల్లకు తానం పోయకు, ఆగు. నేనే వచ్చి పోస్త" అంటూ అంతమంది మధ్యలో ఏడ్చేసింది.