బుజ్జి 250

ఫోనులో ఇంటావిడ గొంతు వినాలంటే శుక్రవారం దాకా ఆగాల్సిన కాలం అది. ఆ కాలంలో మనిషికి పని తక్కువైనా ప్రమాదమే, కంప్యూటరు చేతికిచ్చినా ప్రమాదమే. నాకు రెండూ జరిగాయి.

గల్ఫులో, రైసూత్ అనే రేవు ఊళ్లో, ఇనుప షెడ్లు కట్టే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. పెళ్లయిన పదిహేడో రోజున విమానమెక్కి వచ్చి ఏడాది దాటింది. డ్రాయింగులు కన్సల్టెంటుకి చేరిన రోజే నా సెలవు కాగితం మీద సంతకం పెడతానని మా పెద్ద ఇంజనీరు చీఫ్ సాబ్ మాట. ఆయనది హైదరాబాదు, మాటంటే మాటే. చిక్కల్లా కంప్యూటరుతోనే. అందులో ఉన్నవన్నీ వేరే దేశాల దూలాల కొలతలు, మా యార్డులో ఉన్నది మన దేశపు సరుకు. అందుకని ఒక్కో దూలం పేరు, ఎత్తు, వెడల్పు, మందం, బరువు నేనే జాబితాలో చేర్చాలి. పేరు లేకపోతే ఆ వరసను తీసుకోదు. మొదటి ప్రయత్నం కదా, తర్వాత మారుద్దామని చేతికొచ్చిన పేరు కొట్టాను. బుజ్జి 250. (ఎత్తు 250 మిల్లీమీటర్లు, బరువు మీటరుకి ముప్పై ఏడు కిలోలు. ఈ సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలియదు.) దూలం చక్కగా తెర మీదికొచ్చింది. ఆ సంతోషంలో మార్చడం మరిచిపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం మా స్టోర్‌కీపరు కడప భాయ్, నా డ్రాయింగుల్లోంచి కంప్యూటరు తీసిన సామాను లిస్టు పట్టుకుని చెమటలు కక్కుతూ చీఫ్ సాబ్ గదిలోకొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"పొద్దున్నించి యార్డంతా ఎతికినా సార్. ఈ బుజ్జి దూలాలు ఇరవై నాలుగంట, యాడా కనపడల్యా."

చీఫ్ సాబ్ లిస్టు చూసి నన్ను చూశాడు. "ఏ కంపెనీ మాల్ ఇది?"

సెలవు కాగితం ఆయన టేబిల్ మీదే, డ్రాయింగుల కింద ఉంది. భాయ్ నా మొహం చూశాడు. నా టేబిల్ అద్దం కింద ఉన్న పెళ్లిఫోటో ఆయన రోజూ చూసేదే, శుక్రవారం ఫోనులో నేను బుజ్జీ అని పిలవడం వినేదే. మా దగ్గర లేని సరుకుంటే అది ఎక్కడ దొరుకుతుందో స్టోర్సు వాళ్లే లిస్టులో రాయాలి. ఆయన జేబులోంచి పెన్ను తీసి బుజ్జి పక్కన రాశాడు: "స్టాకులో లేదు. ఇండియాలో ఉంది."

చీఫ్ సాబ్ రెండుసార్లు చదివాడు. నవ్వలేదు.

"పేరు మార్చి షీట్లన్నీ మళ్లా తియ్. అయినంక రా, ఈ సెలవు కాగితం మీద సంతకం పెడ్తా."

ఆ సాయంత్రం ఒక్కో అక్షరం చెరుపుతుంటే, పేరు మార్చడానికే ఇంత దిగులేంటని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆవిడని చూడాలని అంత గట్టిగా మళ్లీ ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు అన్ని దేశాల దూలాలూ సాఫ్ట్‌వేరులో సిద్ధంగా ఉంటాయి, ఎవరూ పేరు పెట్టక్కర్లేదు. బుజ్జి పక్కగదిలోంచి అన్నం చల్లారిపోతోందని మూడోసారి పిలుస్తుంది, నేను వస్తున్నానంటూ కదలను. రైసూత్‌లోని ఆ ఇరవై ఆరేళ్ల పిచ్చివాడు వింటే నన్ను కొట్టేవాడు. స్టాకులో ఉందని భాయ్‌కి చెప్పాలనిపిస్తుంది. ఆయన ఎక్కడున్నాడో తెలియదు.